గొడుగు కట్టుకుని దిగిన మేక

చేవెళ్ల బస్టాండు ఎదురుగా ఉన్న రాయల్ టెంట్ హౌస్‌లోకి ఆ పొద్దున ఒక పులి, నాలుగు యుద్ధ విమానాలు, ఒక అమ్మాయి వచ్చాయి. పులీ విమానాలూ చుట్టచుట్టిన ఫ్లెక్సీలో ఉన్నాయి. అమ్మాయి మాత్రం అగ్గి మీద గుగ్గిలంలా ఉంది.

"అన్నా, ఇది ప్రింట్ కొట్టింది నువ్వేనా?"

కంప్యూటర్ ముందు సమోసా తింటున్న రంజిత్ తలెత్తాడు. ఎత్తిన తల దించడం మరిచిపోయాడు. ఆమె ఫ్లెక్సీని టేబుల్ మీద పరిచిన ఊపుకి చట్నీ గిన్నె బోర్లా పడింది. అదీ చూడలేదు.

ఫ్లెక్సీ నడుమ తెల్లమీసాల ముసలాయన తల ఉంది. తల ఆయనదే, కింది ఒళ్లు ఎవరో కండలు తిరిగిన కుర్ర పైలట్‌ది. వెనక బాంబులు పేలుతున్నాయి. పక్కన ఒక పులి ఆయనతో కలిసి నడిచొస్తోంది. పై మూలన యువజన సంఘం అధ్యక్షుడు ధనరాజ్ దండం పెడుతున్నాడు. దండం పెట్టే ఆయన బొమ్మ, సన్మానం జరిగే ఆయన బొమ్మ కంటే పెద్దది. 'శత్రువుల గుండెల్లో బాంబు, సురంగల్ సింహం, వింగ్ కమాండర్ ఎజ్రా గారికి ఎయిర్‌ఫోర్స్ డే సందర్భంగా ఘన సన్మానం' అని కింద ఎర్రక్షరాలు.

"సింహం అని రాసి పులి బొమ్మ ఎందుకు పెట్టినవ్?"

"సింహం ఫోటో క్లారిటీ లేకుండె మేడం."

"అసలు మా తాత పక్కన పులేంది?"

"లీడర్ల ఫ్లెక్సీ అంటే పులి ఫ్రీ. అందరికిస్తం."

"మా తాత లీడర్ కాదు. పైలట్."

"గందుకే విమానాలు గూడ పెట్టిన."

"అయి ఫైటర్లు. మా తాత ఫైటర్ నడపలే, ఒక్క బాంబు వేయలే. ఆయనది ట్రాన్స్‌పోర్ట్ విమానం. సామాన్లు మోసేది."

"అంటే డీసీఎం వ్యాన్ లెక్కనా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "డీసీఎం లెక్కనే."

"మరి యుద్ధంల ఏం వేసిండు?"

"బియ్యం. పప్పు." ఆగింది. "మేకలు."

"ఏందీ?"

"మేకలు అన్నా! డెబ్బై ఒకటి యుద్ధంల బార్డర్ కొండ మీద మన జవాన్లు చిక్కుకున్నరు. తొవ్వలన్నీ బంద్. కోసిన మాంసం వేస్తే ఖరాబైతదని, పాణమున్న మేకలకే పారాచూట్ కట్టి పైనుంచి వేసేటోళ్లు. మా తాత ఆ విమానం నడిపిండు."

రంజిత్ నవ్వాడు. చిన్నగా నవ్వి ఊరుకుంటే కథ ఇంత దూరం వచ్చేది కాదు. సమోసా ముక్కులోకి పోయేదాకా నవ్వాడు.

ఆమె నవ్వలేదు. "నవ్వు. మా ఊరోళ్లు గూడ గిట్లనే నవ్విండ్రు. ఆయన సెలవు మీదొచ్చి చర్చి ముందర కూసొని ముచ్చట చెప్తే, 'మేకల ఎజ్రా' అని పేరు పెట్టిండ్రు. తొవ్వల పోతుంటే పోరగాండ్లు మే మే అని అరిచేటోళ్లు. యాభై ఏండ్ల సంది ఆయన ఆ ముచ్చట ఎత్తలే. ఇప్పుడు యువజన సంఘానికి ఆ సంగతే తెల్వక బాంబులేసిండని స్టేజీ కడుతున్నరు. ఈ అబద్ధం ఫ్లెక్సీ ఉంటే రానంటున్నడు. నిజం చెప్పు తాతా అంటే నవ్వుతరంటడు. జరిగింది జరిగినట్టు ఒక్కసారి మా తాత నోట ఊరు వినాలె. గంతే నాకు కావాల్సింది."

ఫ్లెక్సీ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

నవ్వడానికి తనకు బొత్తిగా హక్కు లేదని రంజిత్‌కు తెలుసు. అతనిది చేవెళ్లకు దగ్గర్లోని చిన్న ఊరు, ప్రొద్దుటూరు. తండ్రి సత్తయ్యకు గొర్రెలూ మేకలూ కలిసి పెద్ద మంద ఉంది. ఆ మంద వాసన పడక, కాలేజీలో ముక్కు మూసుకున్న స్నేహితుల ముందు తలెత్తుకోలేక, ఇంటర్ కాగానే చేవెళ్ల వచ్చి టెంటు సామాను కొన్నాడు. కులదేవుడు బీరప్ప పేరు పెట్టమని తండ్రి అంటే రాయల్ అని పెట్టాడు. రోజూ చొక్కా మీద ఒకసారి, చొక్కా కింద ఒకసారి సెంటు కొట్టుకుంటాడు. అలాంటివాడు మేకల మీద నవ్వాడు.

మర్నాడు కొత్త డిజైన్ పట్టుకుని ఎజ్రా ఊరు సురంగల్ బయల్దేరాడు. ఆమె పేరు జెన్నీ అనీ, మొయినాబాద్‌లో ఫిజియోథెరపిస్టు అనీ, తాత నాయనమ్మల దగ్గరే ఉంటుందనీ అప్పటికే కనుక్కున్నాడు. డిజైన్ కోసమే పోతున్నానని దారిపొడుగునా తనకు తాను చెప్పుకున్నాడు. అయితే డిజైన్ కోసం పోయేవాడు మూడోసారి సెంటు కొట్టుకోడు.

ఎజ్రా ఇంటి ముందు చామంతి తోటలో కలుపు తీయిస్తున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో కూడా నిటారుగా ఉన్నాడు. జెన్నీ గుమ్మంలోకి వచ్చి రంజిత్‌ను చూసి, "నవ్వనీకి వచ్చినవా అన్నా?" అంది.

"సారీ చెప్పనీకి వచ్చిన. పులిని తీసేసిన."

ఆమె పెదవి చివర ఏదో కదిలింది. చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. ఎజ్రా అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని గాలి గట్టిగా పీల్చాడు.

"ఏం సెంటు యంగ్ మ్యాన్?"

"ఫారిన్‌ది సార్."

"మంచిగున్నది. దాని కింద మేక వాసన గూడ మంచిగున్నది."

రంజిత్ వంటింటి వైపు దొంగచూపు చూశాడు.

"మేకల్ని వెనక పెట్టుకొని ఎగిరినోన్ని. ఈ ముక్కు మోసపోదు. మీ బాపు కాస్తడా?"

"కాస్తడు సార్. జర మెల్లగ మాట్లాడండి."

"ఆ పిల్లకు చెప్పలేదన్నట్టు."

"నవ్వుతది సార్."

ముసలాయన తోటలోకి చూశాడు. "నవ్వుతరని నేను గూడ ఇన్నేండ్లు చెప్పలే. పాణాలకు తెగించి పోయిన. వచ్చినంక మే మే అన్నరు. తుపాకి గుండ్ల కంటే ఈ నవ్వే గట్టిగ తాకింది."

ఎజ్రా చెయ్యి చాచాడు. "ఒప్పందం చేసుకుందం. నువ్వు నీది చెప్పిననాడు నేను నాది చెప్త. నువ్వు చెప్పకుంటే నేను స్టేజీ మీద థాంక్యూ అని దిగిపోత."

చేతులు కలిశాయి. చాయ్ కప్పులతో వచ్చిన జెన్నీ, "ఏం ముచ్చట్లు?" అని అడిగింది.

"వెదర్," అన్నాడు వింగ్ కమాండర్.

ఇక ధనరాజ్ సంగతి. ఆయన వచ్చే పంచాయతీ ఎన్నికల్లో సర్పంచి కావాలని చాన్నాళ్లుగా తెల్లబట్టలు వేసుకుని తిరుగుతున్నాడు. స్టేజీ పక్కన ట్రాక్టర్ ట్రాలీ మీద థర్మకోల్ ఫైటర్ విమానం నిలబెట్టమని రంజిత్‌కే ఆర్డరిచ్చాడు.

"అన్నా, సార్ ఫైటర్ నడపలేదంట. మేకలు వేసిండంట."

"నీకు దండం పెడ్త తమ్మీ, ఆ మాట యాడ అనకు. మన ఊరికి ఒక్కడే పైలట్ ఉన్నడు. ఆయనను గూడ మేకల పాలు చేస్తవా? పెద్ద పెద్ద లీడర్లు వస్తున్నరు. మన పరువేం గావాలె?"

"మరి ఆయన వేయని బాంబులు..."

"వేసిండో లేదో నువ్వు చూసినవా?"

ధనరాజ్‌కు విమానం చేసిపెడుతూనే, అదే థర్మకోల్‌తో రంజిత్ ఒక మేకను కూడా చెక్కాడు. పెళ్లిళ్లలో పూలు చల్లే డ్రోన్ ఒకటి తన దగ్గరుంది. దానికి మేకను కట్టి, సభ నడుమ పారాచూట్‌తో దింపాలని అతని ఆలోచన. చూస్తేనే కదా జనానికి అర్థమయ్యేది. విన్న జెన్నీ కళ్లు పెద్దవయ్యాయి. "నీకు తిక్కనా?" అంది. మర్నాడు క్లినిక్ నుంచి తొందరగా వచ్చి కత్తెర, దారం సిద్ధం చేసింది కూడా ఆమే.

ఎర్రా పచ్చా చారల షామియానా గుడ్డతో పారాచూట్ గొడుగు కుట్టారు. ఎజ్రా మేడ మీద నుంచి మేకను వదిలాడు. గొడుగు అటూ ఇటూ ఉయ్యాల ఊగి, మేక గోడకు కొట్టుకుని మెడ విరిగింది.

"నడిమిట్ల బొక్క పెట్టుండ్రి," అని పై నుంచి ఆర్డరు వచ్చింది. "గాలికి తొవ్వ ఇయ్యకుంటే ఊగుతది."

జెన్నీ గుడ్డ నడుమ గుండ్రంగా కత్తిరించింది. రంజిత్ మెడ అతికించాడు. ఆమె రంగు వేస్తూ తోక కిందికి దించి గీసింది. అతని నోరు ఊరుకోలేదు.

"తోక పైకి గియ్యి. కిందికుంటే గొర్రె అయితది."

"నీకెట్ల తెలుసు?"

మేడ మీద ఎజ్రా గట్టిగా దగ్గాడు. రంజిత్ నోరు తెరిచాడు, మూశాడు. "యూట్యూబ్‌ల చూసిన," అన్నాడు. మేడ మీద దగ్గు ఆగిపోయింది.

అంతలో వాన మొదలైంది. అక్టోబరు వాన చెప్పి రాదు. రంజిత్ గబుక్కున గొడుగు గుడ్డ ఎత్తి ఇద్దరి నెత్తిన పట్టాడు. జెన్నీ దగ్గరికి జరిగింది. చామంతి వాసన, తడి మట్టి వాసన, ఆమె జడ నుంచి కొబ్బరి నూనె వాసన. జన్మ ధన్యమైందనుకునేంతలో, నడుమ బొక్కలోంచి నీళ్లన్నీ ధారగా అతని నడినెత్తిన పడ్డాయి.

జెన్నీ కడుపు పట్టుకుని నవ్వింది. "బొక్క ఉన్నదని తెల్వదా? ఇటు జరుగు రంజిత్."

'రంజిత్' అంది. 'అన్న' లేదు. అతను జరగలేదు, ఆ ధార కింద అలాగే నిలబడ్డాడు. తడిసి ముద్దయ్యాడు, జలుబు చేసింది, వారం తుమ్మాడు. ప్రతి తుమ్ముకీ ఆ మాట గుర్తొచ్చి సంతోషపడ్డాడు.

సంతోషం ఎక్కువైన చోటే కాలు జారుతుంది. సన్మానానికి రెండు రోజుల ముందు, జెన్నీ ఫ్లెక్సీలో ఫోటో సరిచూసుకోవడానికి టెంట్ హౌస్‌కి వచ్చింది. ఇద్దరూ ఒకే కంప్యూటర్ ముందు, ఒకే సమోసా చెరిసగం తింటూ ఉండగా గుమ్మంలో సత్తయ్య నిలబడ్డాడు. భుజాన నల్ల గొంగడి, చంకలో నెల కూడా నిండని మేకపిల్ల, చేతిలో జొన్నరొట్టెల మూట.

"ఏం గావాలె పెద్దాయనా?" అనబోయి జెన్నీ రంజిత్ వైపు చూసింది. "ఎవరు?"

ఇదే సమయం. చెబితే అయిపోయేది. కానీ రంజిత్ ముక్కుకు ముందు మంద వాసన తగిలింది. కాలేజీలో ముక్కులు మూసుకున్న మొహాలన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి.

"ఎవలో పెద్దమనిషి," అన్నాడు. "టెంటు కిరాయికి అడగనీకి వచ్చినట్టున్నడు."

సత్తయ్య కొడుకు మొహం చూశాడు. పిల్ల మొహం చూశాడు. అర్థం చేసుకున్నాడు. "అవునమ్మా. కిరాయి అడుగుదమని వచ్చిన. మళ్లొస్త." రొట్టెల మూట టేబుల్ మీద పెట్టబోయి, మళ్లీ చంకలో పెట్టుకున్నాడు.

మేకపిల్లకు మాత్రం అబద్ధం చెప్పడం రాదు. చంకలోంచి దూకి, తిన్నగా రంజిత్ దగ్గరికి పోయి, ప్యాంటు అంచు నోట్లో పెట్టుకుని తోక ఆడించింది. కాలితో మెల్లగా నెట్టాడు. మళ్లీ వచ్చింది. చొక్కా గుండీ చీకింది. జెన్నీ చూస్తోంది. మేకను చూసింది, సత్తయ్య చెవులు చూసింది, రంజిత్ చెవులు చూసింది. రెండూ ఒకే అచ్చులో పోసినట్టు పక్కలకి నిక్కి ఉన్నాయి.

సత్తయ్య పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయాడు. జెన్నీ లేచింది.

"బైబిల్‌ల పేతురు గూడ గిట్లనే అన్నడు, తన ప్రభువును ఎరుగనని. పేతురు ఏడ్చిండు. నీకు ఏడుపన్నా వస్తున్నదా?"

"జెన్నీ, నేను చెప్దమనే..."

"మా తాత మేకల మీద నవ్వినవ్. పోనీలే, తెల్వక నవ్విండు అనుకున్న. నీ ఇంట్ల మేకలు పెట్టుకొని నవ్వినవా?" బ్యాగు భుజాన వేసుకుంది. "ఫ్లెక్సీ టైంకు పంపించు అన్నా."

మళ్లీ 'అన్న'. రంజిత్ కుర్చీలో కూలబడ్డాడు. చెరిసగంలో ఆమె వంతు సమోసా టేబుల్ మీదే ఉంది. ఆ రోజు అతను నిజంగానే ఏడ్చాడు. ఆమె కోసం కొంత, రొట్టెల మూట మళ్లీ చంకలోకి పోయినందుకు ఎక్కువ.

మర్నాడు పొద్దున్నే ప్రొద్దుటూరు పోయాడు. సత్తయ్య మందను మెట్ట చెలకలోకి తోలుతున్నాడు. కొడుకును చూసి కూడా చూడనట్టు, దారి తప్పుతున్న గొర్రెను హెయ్ అని అదిలించాడు.

"బాపూ, గొంగడి కావాలె."

"కిరాయికా?"

ఆ ఒక్క మాటకు రంజిత్ మోకాళ్లు మట్టిలో ఆనాయి. "తప్పైంది బాపూ. మనిషినే కాను నేను." మొత్తం చెప్పాడు. ఎజ్రా సంగతి, కొండ మీది జవాన్లు, గొడుగులు కట్టిన మేకలు, ఊరి నవ్వు, ఒప్పందం, జెన్నీ, ఆ పెద్దాయన భుజాన గొంగడి కప్పాలన్న తన ఆశ.

సత్తయ్య కర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు. అన్నిటిలోకీ ఆయనకు తట్టిన అనుమానం ఒక్కటే. "మేకలకు మోకాలాడనియ్యక కట్టిండ్రా, కాళ్లు వదిలి కట్టిండ్రా?"

"ఏమో బాపూ. ఆయననే అడుగు."

"అడుగుత. గొంగడి కిరాయికి ఇయ్య. నేనే తెస్త."

సన్మానం రోజు సురంగల్ స్కూలు గ్రౌండు కిటకిటలాడింది. ట్రాలీ మీద థర్మకోల్ ఫైటర్ నిలబడింది. రాత్రి వానకు దాని రంగు కరిగి, శత్రువుల గుండెల్లో బాంబు కావలసింది గులాబీ రంగుకు తిరిగింది. వెనక కొత్త ఫ్లెక్సీ ఉంది. అందులో ఎజ్రా తన ఒంటితోనే ఉన్నాడు. ధనరాజ్ కూడా ఉన్నాడు, కొంచెం తగ్గాడు.

ధనరాజ్ మైకు పట్టాడు. సురంగల్ సింహం విమానంలో ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో బాంబు పట్టుకుని ఎలా పోరాడాడో వివరించాడు. ముందు వరుసలో ఎజ్రా భార్య ప్రేమమ్మ పక్కనున్నామెతో, "ఈయనకు ఇంట్ల ఒక చేత్తో గ్లాసు వట్టుడే రాదు," అంది. జెన్నీ తలొంచుకుంది. మైకు ఎజ్రా చేతికి వచ్చింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. సౌండ్ బాక్సుల దగ్గర నిలబడ్డ రంజిత్ వైపు ఒక్కసారి చూశాడు. "థాంక్యూ," అన్నాడు. కూర్చోబోయాడు.

"సార్! ఒక్క నిమిషం."

రంజిత్ ఇంకో మైకు పట్టుకుని స్టేజీ ఎక్కాడు. ఆ రోజు అతని మీద సెంటు లేదు.

"నేను టెంట్ హౌస్ రంజిత్‌ని. మా బాపు పేరు సత్తయ్య. ప్రొద్దుటూరుల మంద కాస్తడు. ఇగో, ఆయన." వేలు చూపించాడు. జనం వెనక్కి తిరిగారు. గొంగడి, మేకపిల్ల, రొట్టెల మూటతో సత్తయ్య నిలబడి ఉన్నాడు. "మొన్న ఒకల ముందర ఆయనను 'ఎవలో' అని చెప్పిన. మేక వాసనకు సిగ్గుపడ్డ. ఆ మేకల పాలతోనే పెరిగిన, అయి అమ్మితేనే ఈ టెంటు సామాను వచ్చింది. ఇయ్యాల అందరి ముందర చెప్తున్న. ఆయన మా బాపు. నాకు సిగ్గు లేదు. సార్, నాది చెప్పిన. ఇగ మీది."

ధనరాజ్ మైకు వైరు ఎక్కడుందో వెతకసాగాడు. అది దొరికేలోపు సత్తయ్య స్టేజీ ఎక్కి, ఎజ్రాకు కప్పిన జరీ శాలువా తీసి కుర్చీకి వేసి, నల్ల గొంగడి ఆయన భుజాల మీద కప్పాడు. మేకపిల్లను చేతుల్లో పెట్టాడు.

"ఆకలైనోని కాడికి జీవాన్ని తోలుకపోయినోడు మా మనిషే," అన్నాడు. "గొంగడి మేం ఒట్టిగ ఎవలకు కప్పం దొరా."

ఎజ్రా మేకపిల్ల చెవుల మధ్య నిమిరాడు. చాలాసేపు నిమిరాడు. అప్పుడు మైకు తీసుకున్నాడు.

"నేను బాంబులు వేయలే. ఫైటర్ నడపలే. మేకలు వేసిన."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ఆగలేదు.

"కొండ మీద మనోళ్లు ఆకలితోని ఉన్నరు. సుట్టూ శత్రువులున్నరు. మాది పెద్ద విమానం, మెల్లగ పోతది. పైనుంచి వేస్తే గాలికి కొట్టుకపోతయని కిందికి దిగి వేసేది. గుండ్లు తగిలి రెక్కలకు బొక్కలు పడుతుండె. వెనక మేకలు అరిచేటివి. ముంగట నేను అరిచేటోన్ని. భయానికి."

జనం నవ్వారు. ఆయనా నవ్వాడు.

"ఒకనాడు ఒక మేక అవతలి దిక్కు పడ్డది. మర్నాడు పోయేసరికి అవతలోళ్లు కాల్చలే. తుపాకులు పక్కకు పెట్టి పైకి చూస్తున్నరు. పాపం, వాళ్లకు గూడ ఆకలున్నది. ఆనాటి సంది దినాం ఒక మేక అవతలికి పోయేది. మాకు గుండ్లు తగ్గినయి."

"అట్లెట్ల పోయింది సార్?" అని ఎవరో అరిచారు.

"గాలి," అన్నాడు వింగ్ కమాండర్.

"యాభై ఏండ్ల సంది ఇంట్ల నాకు గూడ గాలి అనే చెప్తున్నడు," అంది ప్రేమమ్మ. గ్రౌండు ఫక్కున నవ్వింది.

"యుద్ధం అయినంక కొండ మీది జవాన్లు మా క్యాంపుకు వచ్చిండ్రు. ఒకడు నా రెండు చేతులు పట్టుకొని ఏడ్చిండు. మాట రాలే వానికి. ఊళ్లె ఎంత నవ్వినా, ఆ చేతులు యాదికొస్తే నిద్రపట్టేది నాకు." గొంగడి అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. "గంతే నా యుద్ధం."

ముందు ఒక ముసలామె లేచి చప్పట్లు కొట్టింది. చిన్నప్పుడు మే మే అన్నవాళ్లలో ఆమె కూడా ఉంది. తర్వాత అందరూ లేచారు. ఆ చప్పట్లకు మేకపిల్ల బెదిరి ఎజ్రా మెడలో చామంతి దండ తినడం మొదలుపెట్టింది.

జెన్నీ ఏడుస్తూనే రంజిత్ పక్కకి వచ్చి చెయ్యి చాపింది. "రిమోట్ ఇయ్యి."

డ్రోన్ లేచింది. ఎర్రా పచ్చా గొడుగు విచ్చుకుంది. తోక పైకి పెట్టుకుని థర్మకోల్ మేక ఆకాశంలోంచి హుందాగా దిగింది. గ్రౌండు నడుమ దిగవలసినది, కొంచెం పక్కకి ఒరిగి, 'ఈ మేకల కార్యక్రమం ఐడియా నాదే' అని లీడర్లకు చెబుతున్న ధనరాజ్ నెత్తిన వాలింది. షామియానా గుడ్డ ఆయన్ను నిలువునా కప్పేసింది.

తాత మనవరాలి వైపు చూశాడు.

"గాలి," అంది జెన్నీ.

జనం భోజనాలకు కదిలాక, రంజిత్ స్టేజీ వెనక తాళ్లు విప్పుతున్నాడు. జెన్నీ వచ్చి తాడు రెండో కొస పట్టుకుంది.

"ఇయ్యాల సెంటు కొట్టలేదా?"

"లేదు. బాపు పక్కన కూసొని వచ్చిన. వాసనొస్తున్నదా?"

ఆమె దగ్గరికి వంగి, తాతలాగే గాలి గట్టిగా పీల్చింది. "వస్తున్నది. మంచిగున్నది."

రంజిత్ చేతిలో తాడు జారిపోయింది. "జెన్నీ, నువ్వు నన్ను అన్నా అని ఒక్కసారి పిలిస్తే నాకు నాలుగు దినాలు అన్నం సయించది. నువ్వంటే నాకు పాణం. ఇది గూడ మైకుల చెప్పాల్నా?"

"వద్దు. నాకు వినపడ్డది." సిగ్గుతో తాడు ముడి వేసింది, విప్పింది, మళ్లీ వేసింది. "నువ్వు తొవ్వ తప్పినంక తిరిగొచ్చినవ్ సూడు, గప్పుడే ఫిక్సయిన రంజిత్."

వెనక నుంచి దగ్గు వినబడింది. ఈ దగ్గు రంజిత్‌కు తెలుసు. గొంగడి కప్పుకునే ఉన్న ఎజ్రా, ఆయన పక్కన ప్రేమమ్మ, మేకల కాళ్లు ఎలా కట్టారో ఇంకా అడుగుతున్న సత్తయ్య నిలబడి ఉన్నారు.

ప్రేమమ్మ సూటిగా విషయానికొచ్చింది. "పిల్లగా, పెండ్లి చర్చిలనా, బీరప్ప గుడికాడనా?"

రంజిత్ తండ్రి వైపు చూశాడు. సత్తయ్య మేకపిల్ల నోట్లోంచి చామంతి రేకు తీస్తూ చిన్నగా తలూపాడు.

"టెంటు మనదే అవ్వా. యాడ ఏయమంటే ఆడ ఏస్త."

"కిరాయికా?" అన్నాడు సత్తయ్య.

అందరికంటే ముందు జెన్నీ నవ్వింది. నవ్వి, వంగి, ఆయన కాళ్లకు దండం పెట్టి, చంకలో ఉన్న రొట్టెల మూట వైపు చెయ్యి చాచింది. "మామా, మొన్న రొట్టెలు వాపస్ తీస్కపోయినవ్. ఇయ్యాల ఇయ్యవా?"

సత్తయ్య మూట విప్పాడు. రొట్టెలు ఇంకా వెచ్చగా ఉన్నాయి.

క్రిస్మస్ దాటాక సురంగల్‌లోనూ ప్రొద్దుటూరులోనూ ఒకే పెళ్లి ఫ్లెక్సీ లేచింది. రంజిత్ పక్కన జెన్నీ, వాళ్ల వెనక గొంగడి కప్పుకున్న ఇద్దరు ముసలివాళ్లు. పులి ఉండే చోట ఒక మేకపిల్ల నడిచొస్తోంది. దాని తోక పైకే ఉంది.